విహారనౌక ఎక్కే ముందురోజు



అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణాలలో విహారనౌక ఈ మధ్య ఒక తప్పనిసరి ఘట్టమైపోయింది. టెక్సాస్‌లో పిల్లలున్నవారు గాల్వెస్టన్ రేవు నుంచో, పక్క రాష్ట్రమైన లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ రేవు నుంచో ఓడ ఎక్కుతారు. న్యూ ఆర్లీన్స్ అయితే ఒకరోజు ముందుగా చేరి, ఊరు చూసి, మర్నాడు ఓడ ఎక్కడం ఆనవాయితీ. ముందుగా చేరడం వివేకమే. తప్పిపోయిన రైలుకు వెనుక మరో రైలు ఉంటుంది. తప్పిపోయిన ఓడను తరువాతి రేవులో పట్టుకోవాలి, ఆ రేవు మరొక దేశంలో ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ ఒక్కరోజుకు పిల్లలు వేసే పట్టికలో చూడదగిన స్థలాలు నాలుగైతే తాగదగిన స్థలాలు ఆరు ఉంటాయి. ఆ ఊరి ప్రఖ్యాతి అటువంటిది. బారులకు చట్టరీత్యా మూసివేత వేళ లేదు. ప్లాస్టిక్ గ్లాసులో పోయించుకుని వీధిలో తాగుతూ నడవవచ్చు. గాజు మాత్రం నిషిద్ధం. మా అల్లుడు హ్యూస్టన్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అతడు తయారుచేసిన పట్టికలో ఉదయం పదకొండుకు మొదటి బారు, అర్ధరాత్రి ఒంటిగంటకు చివరి బారు ఉన్నాయి. మధ్యలో భోజనం అనే మాట ఒక్కచోట ఉంది, దాని పక్కన ప్రశ్నార్థకం ఉంది.

నేను మద్యం ముట్టను. అయినా ఆ పట్టికను దిద్దే పని కోరి తీసుకున్నాను. 'తాగవద్దు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యరాదా డాక్టరుగారూ' అని మీరు అడగవచ్చు. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. ఆ మాటతో నాకు భేదం లేదు. కాలేయ వ్యాధి, క్లోమగ్రంథి వాపు, మూర్ఛ ఉన్నవారికి, ఒకప్పుడు మద్యానికి బానిసై బయటపడినవారికి, నిద్రమాత్రలు వాడేవారికి నా సలహా కూడా ఆ ఒక్క ముక్కే. కాని అరవై దాటిన పెద్దమనిషి కూతురింటికి వెళ్లినప్పుడు అల్లుడు ఆప్యాయంగా గ్లాసు అందిస్తే, ఆయన వైద్యుణ్ణి అడిగి తీసుకోడు. అలా అడగనివారి కోసం ఈ వ్యాసం.

మా బృందంలో ఆరుగురం. నేను, నా శ్రీమతి, అమ్మాయి, అల్లుడు, మా మరదలు, నా తోడల్లుడు. ఆయన బ్యాంకు ఉద్యోగం చేసి విరమించారు. వయసు అరవై ఎనిమిది. పన్నెండేళ్లుగా మధుమేహం, ఉదయం గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రక్తపోటుకు మరొకటి, రాత్రి ప్రోస్టేటుకు టామ్సులోసిన్. నెలకు రెండుమూడుసార్లు రెండేసి పెగ్గులు పుచ్చుకుంటారు. ఈ వర్ణన చదివి 'ఇది నా గురించే' అనుకునేవారు మన పాఠకులలో చాలామంది ఉంటారని నాకు తెలుసు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

మొదట కొలతల సంగతి. మన దేశంలో చిన్న పెగ్గు అంటే ముప్పై మిల్లీలీటర్లు, పెద్దది అరవై. మన విస్కీ, బ్రాందీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. అంటే చిన్న పెగ్గులో సుమారు పది గ్రాములు. అమెరికా వారి లెక్కలో ఒక 'డ్రింకు' అంటే పద్నాలుగు గ్రాములు. ఇంతవరకు తేడా స్వల్పమే. అసలు తేడా గ్లాసులో ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో 'హరికేన్' అనే ఎర్రని పానీయం ప్రసిద్ధం. తుపాను లాంతరు చిమ్నీ ఆకారంలో ఉన్న పొడవాటి గ్లాసులో, పండ్ల రసం తీపితో ఇస్తారు. అందులో నాలుగు ఔన్సుల దాకా రమ్ పోసే పద్ధతి ఉంది. నాలుగు ఔన్సులంటే దాదాపు నూట ఇరవై మిల్లీలీటర్లు. మన లెక్కలో రెండు పెద్ద పెగ్గులు, సుమారు ముప్పై ఏడు గ్రాముల ఆల్కహాలు. తీపి కనుక షర్బత్తులా దిగిపోతుంది. దాన్ని వదిలించుకోవడానికి కాలేయానికి గంటకు ఏడెనిమిది గ్రాముల చొప్పున సుమారు ఐదు గంటలు పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా ఈ వేగం పెరగదు. కనుక 'నేను రెండే తీసుకున్నాను' అని చెప్పే మనిషి రెండు చిన్న పెగ్గులు తాగి ఉండవచ్చు, ఏడు తాగి ఉండవచ్చు. వయసుతో శరీరంలో నీటి పాళ్లు తగ్గుతాయి కాబట్టి అదే గ్లాసు ముప్పై ఏళ్లవాడి కంటే డెబ్బై ఏళ్లవాడి రక్తంలో గాఢంగా ఉంటుంది. స్త్రీలకూ అంతే.

నేను చేసిన మార్పు చాలా చిన్నది. పట్టికను బారుల చుట్టూ కాక భోజనాల చుట్టూ కట్టాను. ఉదయం ఊరు చూడటం, ఒంటిగంటకు కడుపునిండా భోజనం, ఎండవేళ రెండు గంటలు హోటల్లో విశ్రాంతి, సాయంత్రం ఒక బారు, తరువాత రాత్రి భోజనం, ఆపైన సంగీతం, ఇంకా కావాలన్నవారికి మరొక్క గ్లాసు, పదింటికి పడక. కారు హోటల్లోనే ఉంటుంది. నడక, ట్రామ్ బండి, లేదా అద్దె కారు. అల్లుడు కొంత నొచ్చుకున్నాడు. 'మామయ్యగారూ, ఇది బారుల పర్యటనలా లేదు, పథ్యంలా ఉంది' అన్నాడు. పథ్యమే.

ఊరు చూసిన ఉదయం గురించి కొంచెం విపులంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఒక వైద్యుడికి అంత ముచ్చటైన ఊరు నేను మరొకటి చూడలేదు. ఫ్రెంచ్ క్వార్టర్ పేరుకు ఫ్రెంచి వారిది. 1788లోను 1794లోను జరిగిన అగ్నిప్రమాదాల తరువాత స్పెయిన్ పాలనలో తిరిగి కట్టిన భాగం చాలా ఉంది. జాక్సన్ స్క్వేర్ ఎదుట సెయింట్ లూయిస్ కెథెడ్రల్, ఇటు నది, దగ్గరలోనే 1862 నుంచి నడుస్తున్న 'కఫే డు మాండ్'. అక్కడి కాఫీలో చికోరీ కలుపుతారు. మన ఫిల్టరు కాఫీ రుచి తెలిసిన నాలుక ఆ మొదటి గుక్కలోనే బంధుత్వం పోల్చుకుంటుంది. దానితో ఇచ్చే బెన్యేలు పులిసిన పిండిని చదరాలుగా కోసి నూనెలో వేయించి, పైన పంచదార పొడి గుట్టగా పోసినవి. మధుమేహులకు ఒకటి చాలు. అది భోజనం కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ మాట ఎందుకంటున్నానో తరువాత తెలుస్తుంది.

చార్టర్స్ వీధిలో పాత మందుల దుకాణం ఒకటి ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది. 1816లో పరీక్ష ఉత్తీర్ణుడై అమెరికాలో మొదటి లైసెన్సు పొందిన ఫార్మసిస్టుగా పేరుపొందిన లూయీ డుఫిలో నడిపిన దుకాణమది. జలగల జాడీలు, రక్తం తీసే కత్తులు, గాజు సీసాలలో రంగు నీళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఇదే ఊరిలో ఆంత్వాన్ పేషో అనే మరో మందుల వ్యాపారి జీర్ణశక్తికని ఒక చేదు ద్రవం తయారుచేసి అమ్మేవాడు. ఆ చేదు మందు నాలుగు చుక్కలు విస్కీలో చేరి 'సాజెరాక్' అయింది. 2008లో లూసియానా శాసనసభ దాన్ని న్యూ ఆర్లీన్స్ అధికారిక కాక్‌టెయిల్‌గా ప్రకటించింది. మందుల అంగడిలో పుట్టి బారుకెక్కిన పదార్థమన్నమాట. మనం నవ్వనక్కరలేదు. మన ఆయుర్వేదపు ఆసవారిష్టాలలోనూ పులియడం వల్ల పుట్టిన ఆల్కహాలు ఉంటుంది. రోజుకు రెండుపూటలా ద్రాక్షారిష్టం పుచ్చుకుంటూ 'నేను మద్యం ముట్టను' అని ప్రమాణం చేసిన రోగులు నాకు తెలుసు.

ఈ ఊరికి మరొక చరిత్ర ఉంది. 1853 వేసవిలో పచ్చజ్వరం వచ్చి ఒక్క న్యూ ఆర్లీన్స్‌లోనే దాదాపు ఎనిమిదివేల మందిని పొట్టన పెట్టుకుంది. కారణం దుర్గంధపు గాలి అనుకుని వీధుల్లో తారు కాల్చారు, ఫిరంగులు పేల్చారు. మోసినది ఈడిస్ దోమ; మన ఇళ్లలో కూలర్ల నీటిలో పెరిగి డెంగీ తెచ్చేది సరిగ్గా అదే జాతి. దోమకూ మలేరియాకూ సంబంధాన్ని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులో నిరూపించాడు. పచ్చజ్వరం సంగతి ఆ తరువాత 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం తేల్చింది. అమెరికాలో చివరి పచ్చజ్వరపు మహమ్మారి 1905లో ఈ ఊరిలోనే వచ్చింది, దోమల మీద యుద్ధంతో ఆగింది. మిత్రులారా, న్యూ ఆర్లీన్స్ వెళ్తే బారులతోపాటు ఇవి కూడా చూడండి. 1736లో ఒక నావికుడి వీలునామా సొమ్ముతో మొదలై, 2005లో కత్రినా తుపాను తరువాత మూతపడిన 'చారిటీ' ఆసుపత్రి భవనం ముందు నేను కొంతసేపు నిలబడ్డాను. పేదల ఆసుపత్రిలో ఉద్యోగం చేసినవాడికి ఆ ఖాళీ కిటికీలు చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నం మేము రెండుగా విడిపోయాం. నేను ఆడవారితో హోటలు దగ్గర భోజనం చేసి విశ్రాంతికి వెళ్లాను. తోడల్లుడు, అల్లుడు రెండవ ప్రపంచయుద్ధ ప్రదర్శనశాల చూస్తామని, భోజనం అటే చేస్తామని వెళ్లారు.

ఇక్కడ ఒక పాత రోగి గురించి చెప్పాలి. 1980లలో నేనొక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఒక ఉపాధ్యాయుణ్ణి తెల్లవారుజామున రిక్షాలో తెచ్చారు. ముందు సాయంత్రం సహోద్యోగి పదవీ విరమణ విందులో కొద్దిగా పుచ్చుకున్నాడు. మధుమేహానికి గ్లిబెన్‌క్లమైడ్ వాడుతున్నాడు. విందు వడ్డన ఆలస్యమైతే, ఆఖరి బస్సు దొరకదని తినకుండా బయలుదేరాడు. బస్టాండులో చెమటలు పట్టి, మాట ముద్దగా వచ్చి, తూలి బల్ల మీద పడిపోయాడు. నోటి దగ్గర వాసన వచ్చింది. చూసినవారందరూ తాగుబోతని పక్కనుంచి వెళ్లిపోయారు. ఒకాయన దయతలచి తల కింద సంచి కూడా పెట్టాడట. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారు నాలుగింటి దాకా ఆయన అలాగే ఉన్నాడు. గ్లూకోజు ఎక్కించగానే రక్తంలో చక్కెర పెరిగింది, మెదడు మాత్రం తిరిగి రాలేదు. మూడో రోజున పోయాడు. ఆయన భార్య నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: 'అంత తాగాడా అండీ?' లేదమ్మా, చాలా తక్కువ తాగాడు అని చెప్పాను. ఆ జవాబు ఆవిడకు ఊరట ఇచ్చిందో, ఇంకా పెద్ద బాధ ఇచ్చిందో నాకు తెలియదు.

కారణం ఇది. మనం తినని వేళల్లో కాలేయం కొత్తగా చక్కెర తయారుచేసి రక్తానికి అందిస్తుంటుంది. మద్యం తాగితే కాలేయం ముందు ఆ మద్యం పని చూస్తుంది, చక్కెర తయారీ మందగిస్తుంది. ఆరోగ్యవంతుడు దీన్ని తట్టుకుంటాడు. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంకొకవైపు నుంచి చక్కెరను కిందికి లాగుతుంటాయి. పైగా ఖాళీ కడుపు, రోజంతా నడక. అప్పుడు చక్కెర అకస్మాత్తుగా పడిపోతుంది. తాగిన వెంటనే కాకపోతే అర్ధరాత్రో, మర్నాటి ఉదయమో కూడా పడిపోవచ్చు. చెమట, వణుకు, తడబడే మాట, తూలడం, అయోమయం, అకారణ కోపం ఆ లక్షణాలు. మత్తు లక్షణాలను ఇంకొకసారి తలచుకుని వీటితో పోల్చి చూడండి. తేడా ఏదీ? నోటి వాసన ఉన్న మనిషిని అనుమానించేవారుండరు. తాగని ఊరిలోనే ఒక ఉపాధ్యాయుడి గతి అలా అయితే, వీధి వీధంతా తూలుతూ నడిచే బోర్బన్ వీధిలో ఎవరు ఆగి చూస్తారు?

సాయంత్రం అయిదున్నరకు మేమందరం మాంటెలియోన్ హోటల్లోని కరౌసెల్ బారులో కలుసుకున్నాం. 1949 నుంచి ఉన్న వింత బారు అది. గుండ్రటి బల్ల చుట్టూ ఇరవై అయిదు కుర్చీలు, పైన దీపాల గొడుగు. మన తిరునాళ్లలోని రంగులరాట్నమే. అది నిజంగానే తిరుగుతుంది, పదిహేను నిమిషాలకు ఒక చుట్టు. మా తోడల్లుడు ఒక సాజెరాక్ తెప్పించుకున్నారు. అరగంట గడిచింది. 'అన్నయ్యగారూ, తల తిరుగుతోంది' అన్నారు. అందరూ నవ్వారు. కుర్చీయే తిరుగుతున్నచోట ఆ మాటకు నవ్వకపోవడం కష్టం. అల్లుడు 'చిన్నమామయ్యగారికి ఒక్కదానికే ఎక్కేసింది' అన్నాడు.

నేను ఆయన చేతుల వంక చూశాను. డబ్బు చెల్లించడానికి పర్సు తీసి, నోట్లు లెక్కపెట్టలేకపోతున్నారు. ముప్పై అయిదేళ్లు నోట్లు లెక్కపెట్టిన చేతులవి. ఏసీ చల్లదనంలో చొక్కా కాలరు తడిసి ఉంది. జేబులోని గ్లూకోమీటరు తీసి వేలు గుచ్చాను. యాభై రెండు. బారులో నారింజ రసానికి కొరత ఉండదు గదా. పని చేస్తున్న అమ్మాయి నా మొహం చూసి ప్రశ్న వేయకుండా గ్లాసు నింపి ఇచ్చింది. తాగించాను. మళ్లీ పరీక్షించడానికి పదిహేను నిమిషాలు ఆగాలి. ఆ రాట్నం ఒక చుట్టు తిరిగి, వీధివైపు కిటికీ మళ్లీ మా ఎదుటికి వచ్చేసరికి మీటరులో ఎనభై ఒకటి. ఆయన ముఖంలోకి మనిషి తిరిగివచ్చాడు. మా మరదలు అప్పటికి గాని నా చేయి వదలలేదు.

విచారిస్తే తేలిందేమంటే, మధ్యాహ్నం తెప్పించుకున్న గంబోను ఆయన ముట్టలేదు. గంబో మన బెండకాయ పులుసుకు దూరపు చుట్టం. ఆ పేరే ఆఫ్రికా భాషలో బెండకాయకున్న మాట నుంచి వచ్చిందంటారు. కాని అందులో పంది సాసేజి ముక్కలు కనిపించేసరికి ఆయన పక్కకు జరిపారు. అల్లుడి ముందు ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడి, 'ఆకలి లేదు, పొద్దున బెన్యే తిన్నానుగా' అన్నారట. అంతే. ఒక్క బెన్యే, ఒక మాత్ర, రెండు మూడు మైళ్ల నడక, ఒక్క గ్లాసు. మన మధ్యతరగతి మొహమాటం ఒక వ్యాధికారకం అని ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయలేదు గాని రాయవలసిందే.

అందువల్ల ఆ ప్రాంతానికి వెళ్లే తెలుగువారికి నా మనవి: ఏ హోటల్లో ఏమి తినగలరో ముందురోజే చూసిపెట్టుకోండి. గంబో, జంబలాయా, ఎర్ర చిక్కుడుగింజల అన్నం అన్నింటిలోనూ మాంసం ఉండవచ్చు, అడిగితే చెబుతారు. అన్నమో రొట్టెయో కడుపులో పడకుండా గ్లాసు ముట్టవద్దు. మీతో వచ్చినవారిలో కనీసం ఒక్కరికి మీరు వాడే మాత్రల పేర్లు తెలియాలి, 'నేను తూలితే ముందు చక్కెర ఇచ్చి, తరువాత తిట్టండి' అని వారికి చెప్పి ఉంచాలి. స్పృహ ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపిగాని, చిన్న గ్లాసు పండ్ల రసంగాని ఇవ్వాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి, కోలుకోగానే తినిపించాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు, అత్యవసర వాహనాన్ని పిలవాలి. అమెరికాలో ఆ నంబరు 911. ప్రయాణం రోజుల్లో మాత్ర మోతాదు తగ్గించాలా అన్నది బయలుదేరే ముందే మీ వైద్యుణ్ణి అడగండి, సొంతంగా మార్చవద్దు. మెట్‌ఫార్మిన్ వాడేవారు అతిగా తాగితే రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం వేరే ఉంది.

ఆ రాత్రి భోజనం తరువాత మేము ప్రిజర్వేషన్ హాలులో జాజ్ విన్నాం. 1961 నుంచి ఉన్న చిన్న గది, మద్యం అమ్మరు. ఊరంతటిలో నాకు నచ్చిన చోటు అదే. తోడల్లుడు రెండో గ్లాసు మాట ఎత్తలేదు. పడుకునే ముందు రెండు రొట్టెముక్కలు తినిపించి, మళ్లీ వేలు గుచ్చి చూశాను. టామ్సులోసిన్, రక్తపోటు మాత్రలు వాడేవారు మద్యం తీసుకున్న రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడకూడదు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. తలనొప్పికని ఆ రాత్రి పారాసిటమాల్ గుప్పెడు మింగడం కాలేయానికి, బ్రూఫెన్ మింగడం కడుపుకు చేటు. గుండె దడదడలాడి లయ తప్పితే 'రాత్రి ఎక్కువైంది' అని సరిపెట్టుకోక వైద్యుణ్ణి చూడండి; సెలవుల్లో తాగినవారికి వచ్చే ఈ లయభంగానికి 1978 నుంచే వైద్యశాస్త్రంలో 'సెలవుల గుండె' అనే అర్థం వచ్చే పేరు ఉంది.

మర్నాడు రేవులో పెట్టెలను కూలీలు తీసుకుంటారు. అవి మీ గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. కాబట్టి మాత్రలు, ఇన్సులిన్, గ్లూకోమీటరు, కాస్త పంచదార చేతిసంచిలోనే ఉండాలి. ఓడలో వైద్యుడు ఉంటాడు; కాని అది చిన్న వైద్యశాల, చికిత్సకు బిల్లు వేస్తారు. మత్తులో జరిగిన ప్రమాదాలను చాలా ప్రయాణ బీమాలు మినహాయిస్తాయి, పాలసీ కాగితం చదువుకోండి.

ఇక సముద్రపు వికారానికి వేసుకునే అవోమిన్, మెక్లిజిన్ వంటి మాత్రలు స్వతహాగా మగత కలిగిస్తాయి, మద్యంతో కలిస్తే రెట్టింపు. చెవి వెనుక అంటించే పట్టీ నీటికాసులు, ప్రోస్టేటు వాపు ఉన్నవారికి మంచిది కాదు. మా తోడల్లుడు ఓడ కదలగానే మాత్ర చేతిలోకి తీసుకున్నారు. న్యూ ఆర్లీన్స్ సముద్రం ఒడ్డున లేదు. మిసిసిపీ మీద ఓడ దాదాపు వంద మైళ్లు దిగువకు పోతేగాని గల్ఫు రాదు. 'తమ్ముడూ, ఇంకా చాలా గంటలు నది మీదే ఉంటాం, అల ఉండదు. ముందు అన్నం తినిరా' అన్నాను. ఆయన మాత్ర జేబులో వేసుకుని భోజనశాల ఎక్కడుందో కనుక్కోవడానికి వెళ్లారు.